బాయిలో ఉన్న కాపలా ఇంట్లో లేదు

గోదావరిఖని: మార్చి నెల సగం దాటిందంటే పారిశ్రామిక ప్రాంతంలో అటకల మీది కూలర్లు కిందికి దిగుతాయి. పాత గడ్డి పీకి కొత్త గడ్డి కట్టించి, అడుగున తుప్పు పట్టిన చోట ఇంత తారు పూసి, కిటికీ దగ్గర ఇనుప స్టాండు మీద నిలబెడతారు. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి ఇంటికి చేరిన కార్మికుడు పగలు నాలుగు గంటలు కన్ను మూయాలంటే కూలరు ఉండవలసిందే. ఈ ప్రాంతంలో అది విలాస వస్తువు కాదు, పనిముట్టు లాంటిది.

అయితే ఆ పనిముట్టులో ఏముందో ఒకసారి మూత తీసి చూడాలి. చుట్టూ రేకు డబ్బా. అడుగున జానెడు నీళ్లు. ఆ నీళ్లలోనే మునిగి తిరిగే చిన్న పంపు. పైన ఫ్యాను మోటారు. నీళ్లు, ఇనుము, 230 వోల్టుల కరెంటు మూడూ ఒకే డబ్బాలో కాపురం చేస్తుంటాయి. ఇంటి ఆవరణలో ఈత కొలను కట్టుకునే దేశాలలో, ఆ కొలను చుట్టూ కరెంటు తీగ ఎంత దూరంలో ఉండాలి, దీపం ఎన్ని వోల్టులకు మించరాదు అని అంగుళాల లెక్కన నిబంధనలు రాసుకున్నారు. మన సామాన్యుని ఇంట్లో ఈత కొలను లేదు. కానీ నీళ్ల పక్కన కరెంటు మాత్రం ఇంటింటా ఉంది. కూలరు, సంపు మోటారు, బాత్‌రూంలో హీటరు, బట్టలు ఆరేసే దండెం. కొలనుకు ఉన్న ప్రమాదమే వీటికీ ఉంది. నిబంధన ఒక్కటే కరువు.

విచిత్రం ఏమిటంటే, ఇదే ఇంటి యజమాని పని చేసే చోట ఈ నిబంధన చాలా గట్టిగా ఉంది.

భూమి కింద

బొగ్గు బాయిలో తడి లేని చోటు తక్కువ. పైకప్పు నుంచి చుక్కలు, కాలి కింద బురద, పక్కన పంపు గుంత. అక్కడ ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ వంటి బొగ్గు ఎత్తే యంత్రాలు కేబుల్‌ను తోకలా ఈడ్చుకుంటూ తిరుగుతాయి. ఇంట్లో కన్నా పెద్ద వోల్టేజి. అయినా అక్కడ షాక్ నుంచి మనిషిని కాపాడే ఏర్పాటు ఒకటి కాదు, మూడు నాలుగు వరుసలుగా ఉంటుంది.

చేత్తో పట్టుకుని బొగ్గుకు రంధ్రం వేసే డ్రిల్లుకు 125 వోల్టులకు మించి ఇవ్వరాదని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి. చేతిలో పట్టే యంత్రం కనుక కరెంటు తగ్గించమన్నారు. రెండోది, భూమిలోకి పారే కరెంటును ముందే అదుపులో పెట్టడం. బొగ్గు గనుల్లో 1100 వోల్టుల వరకు ఉన్న సరఫరాలో ఎర్త్ ఫాల్ట్ కరెంటు 750 మిల్లీ ఆంపియర్లు దాటకుండా ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ దగ్గరే కట్టడి చేస్తారు. మూడోది గేట్ ఎండ్ బాక్స్. కేబుల్ ఎక్కడైనా నలిగి కరెంటు లీకైతే అందులోని రిలే సరఫరాను తెంపేస్తుంది. లోపం సరిచేసే దాకా స్విచ్ మళ్లీ పడదు. తొందరపడి ఎంత లాగినా పడదు. ఇవన్నీ ఉన్నాయో లేదో చూసి పుస్తకంలో సంతకం పెట్టడానికి అర్హత పొందిన ఎలక్ట్రీషియన్, అతని పైన సూపర్‌వైజరు ఉంటారు.

షిఫ్టు అయ్యాక అదే కార్మికుడు టోపీ, బూట్లు విప్పి, వట్టి కాళ్లతో తడి గచ్చు మీద నిలబడి, ఫ్యాను తిరుగుతుండగానే కూలరులో బకెట్‌తో నీళ్లు పోస్తాడు. అక్కడ రిలే లేదు. చాలా ఇళ్లలో ఎర్తు కూడా లేదు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా, లావు పిన్ను దూరే రంధ్రం వెనుక తీగ కట్టి ఉండదు. కొందరు ఆ పిన్నునే విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో గుచ్చుతారు.

నీటి దగ్గర మనిషి ఎందుకు పోతాడు

షాక్ కొట్టినా ఫ్యూజు ఎందుకు కొట్టేయదని చాలామందికి సందేహం. ఫ్యూజు మనిషి కోసం పెట్టింది కాదు, తీగ కోసం పెట్టింది. 5 ఆంపియర్ల ఫ్యూజు అంటే 5000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం తీయడానికి అంత అక్కరలేదు. ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లకు ఒళ్లు జుమ్మంటుంది. 10 నుంచి 16 దగ్గర చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. అమెరికాలోని బర్క్లీలో విద్యుత్ ఇంజినీరింగ్ చెప్పిన చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసరు మనుషుల మీదనే ప్రయోగాలు చేసి, మగవారికి సగటున 16, ఆడవారికి 10.5 మిల్లీ ఆంపియర్లు అని ఈ లెక్క తేల్చాడు. 30 దాటి కొద్ది సెకన్లు నిలిస్తే ఊపిరికి, గుండెకు ముప్పు మొదలవుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తాగే కరెంటు సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. వసారాలో వెలిగే ఆ చిన్న బల్బుకు సరిపడే కరెంటు గుండె మీదుగా పోతే చాలు.

ఒళ్లు పొడిగా ఉంటే చర్మమే కొంత అడ్డుపడుతుంది. కాళ్లకు చెప్పులుంటే మరికొంత. చేతులు, కాళ్లు తడిసినప్పుడు ఆ అడ్డు బాగా పడిపోయి దాదాపు 1000 ఓమ్‌ల దగ్గరికి వస్తుంది. 230 వోల్టులను 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. అంటే ప్రమాద రేఖకు ఏడెనిమిది రెట్లు. ఫ్యూజుకు మాత్రం ఇది లెక్కలోకి రాదు. అది కదలదు, మెదలదు. ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి, మనిషి కింద పడిపోతాడు. ఆ ఫ్యూజులో కూడా సరైన తీగ బదులు నాలుగైదు రాగి పోచలు మెలిపెట్టి కట్టే అలవాటు ఉండనే ఉంది.

దండెం దాకా

కూలరు ప్రమాదం కూలరు దగ్గరే ఆగితే కొంత నయం. అది ఎంత దూరం పాకుతుందో చాలామంది ఊహించరు. పంపు లోపలి చుట్టకు పూసిన లక్క నీళ్లలో నాని నాని ఒక వేసవికి కాకపోతే మరో వేసవికి చీలుతుంది. కరెంటు నీళ్లలోకి, నీళ్ల నుంచి రేకు డబ్బాకు వస్తుంది. డబ్బా ఇనుప స్టాండు మీద, కిటికీ చువ్వలను ఆనుకుని ఉంటుంది. ఆ కిటికీ చువ్వకే బయట దండెం తీగ ఒక కొస కట్టి ఉంటుంది. దండెం మరో కొస రేకుల షెడ్డు పైపుకు, ఆ పక్క ఇంటి మేకుకు. లోపల కూలరు చల్లగా వీస్తూ ఉంటుంది. బయట తడి చీర పిండి దండెం మీద వేయబోయిన ఇల్లాలి చేతికి కరెంటు తగులుతుంది. ఆమె కూలరును ముట్టనే లేదు.

ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ తెలంగాణ జిల్లాల పేజీల్లో దండెం తీగకు కరెంటు వచ్చి తల్లీ కొడుకులు, భార్యాభర్తలు ఒకరి తరువాత ఒకరు పోయిన వార్తలు పాఠకులు చదువుతూనే ఉన్నారు. ఒకరిని విడిపించబోయి మరొకరు పోవడం ఈ ప్రమాదాల ప్రత్యేకత. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం ఇటీవలి సంవత్సరాలలో దేశంలో కరెంటు షాక్‌తో ఏటా 12 వేల మందికి పైగా మరణిస్తున్నారు. ఇందులో పొలాలవీ, లైన్లవీ కూడా కలిసి ఉన్నా, ఇంటి గోడల మధ్య జరిగేవి తక్కువేమీ కాదు.

జీఐ తీగ దండెం బదులు ప్లాస్టిక్ తాడు కట్టుకుంటే ఇందులో సగం కథ ఉండదు. దానికి అయ్యే ఖర్చు సినిమా టికెట్టు అంత కూడా కాదు. సర్వీసు వైరును మోసే తీగకే బట్టలు ఆరేసేవారు కూడా ఉన్నారు. వారికి ఏమని చెప్పాలి!

బంగారు గనుల ఊరిలో

ఇంటి మనిషిని షాక్ నుంచి కాపాడే పరికరం ఒకటి ఉంది. దుకాణాల్లో దానిని ఆర్‌సీసీబీ అంటారు. పాతవారు ఈఎల్‌సీబీ అంటారు. దాని పుట్టుక గనుల్లోనే జరిగిందని ఈ ప్రాంతం వారు తెలుసుకోదగ్గది.

దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో కరెంటు ప్రమాదాలు బెడదగా ఉండేవి. హెన్రీ రూబిన్ అనే ఇంజినీరు 1955లో గనుల కోసం 250 మిల్లీ ఆంపియర్ల లీకుకు సరఫరా తెంపే పరికరం తయారు చేశాడు. అది గనుల్లో బాగానే పని చేసింది. కానీ 250 అంటే యంత్రానికి రక్ష, మనిషికి కాదు. 1956 మొదట్లో అతనే 20 మిల్లీ ఆంపియర్ల లోపే తెంపే నమూనా సిద్ధం చేశాడు. స్టిల్‌ఫౌంటీన్ అనే బంగారు గనుల ఊరిలో ఒక మహిళ తన ఇంట్లో షాక్ కొట్టి చనిపోయింది. దాని తరువాత 1957, 58 సంవత్సరాలలో ఆ గని ఊరి ఇళ్లకు కొన్ని వందల పరికరాలు బిగించారు. గనిలోని కాపలాను తెచ్చి గని కార్మికుల ఇళ్లలో నిలబెట్టారన్న మాట. ఒక ఇల్లాలి చావుతో అది జరిగింది.

అమెరికాలో డాల్జీల్ 1961లో ఇటువంటిదే ఇళ్లకు పనికివచ్చేలా చేశాడు. అక్కడ దానిని మొదట తప్పనిసరి చేసింది ఈత కొలనుల విషయంలోనే. కొలను నీళ్ల అడుగున వెలిగే దీపాలకు ఈ రక్షణ ఉండాలని 1968 నాటి అక్కడి విద్యుత్ కోడ్ చెప్పింది. తరువాతి ఏళ్లలో బాత్‌రూంకు, వంటింటికి, ఆరుబయటికి విస్తరించింది.

ఇది పని చేసే తీరు బాయి పని తెలిసిన వారికి చిటికెలో అర్థమవుతుంది. షిఫ్టు మొదట్లో ల్యాంపు రూం నుంచి ఎన్ని దీపాలు తీసుకుపోయారో షిఫ్టు చివర అన్నీ తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా ఎవరో లోపల ఉండిపోయారని లెక్క. ఆర్‌సీసీబీ కూడా అంతే. ఫేజు తీగలో పోయిన కరెంటు న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిందా అని క్షణక్షణం చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తగ్గిందంటే ఎక్కడో దారి తప్పి భూమిలోకి పోతున్నదని, బహుశా మనిషి గుండా పోతున్నదని లెక్క. సెకనులో మూడో వంతు కూడా ఆగకుండా మెయిన్ తెంపేస్తుంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లో ఇళ్లకు 30, ఇతర కనెక్షన్లకు 100 మిల్లీ ఆంపియర్ల లోపు తెంపే పరికరం ఉండాలని రాశారు. 2023లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఈ రక్షణ కొనసాగింది. అయితే చిన్న లోడు కనెక్షన్లకు మినహాయింపు ఇచ్చారు. బీదవాడికి భారం కాకూడదని ఇచ్చిన మినహాయింపు కావచ్చు. కానీ ఒకే గది, ఒకే కూలరు, రేకుల కప్పు ఉన్న ఇల్లే అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నదనేది గమనార్హం. నిబంధన వర్తించదు కనుక ప్రమాదం వర్తించదని కాదు గదా.

కొలను కొలతలు

ఈత కొలను కోసం అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ రాసిన నిబంధన మన ఇళ్లకు కొలబద్దగా పనికివస్తుంది. దాని లెక్కలో నీళ్లు ఉన్న తొట్టి లోపలి భాగం మొదటి మండలం. అంచు నుంచి 2 మీటర్ల దూరం, రెండున్నర మీటర్ల ఎత్తు వరకు రెండోది. దానికి అవతల మరో మీటరున్నర మూడోది. మొదటి రెండింటిలో, అంటే నీళ్లలో ఉన్న మనిషి చేయి చాచితే అందేంత వరకు, 12 వోల్టులకు మించిన కరెంటు ఉండరాదు. ఆ 12 వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు కూడా ఈ మండలాల బయటే ఉండాలి. మూడో మండలంలో ప్లగ్గు బోర్డు పెట్టాలంటే 30 మిల్లీ ఆంపియర్ల పరికరం వెనుక ఉండాలి.

మరొక ముఖ్యమైన మాట, కొలను చుట్టూ ఉన్న నిచ్చెన, కమ్మీ, నీటి పైపు వంటి ఇనుమునంతా ఒకే తీగతో కలిపి కట్టాలంటారు. తీగ మీద వాలిన పిట్టకు షాక్ కొట్టదు. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉండడమే కారణం. ఒక చేయి పైపు మీద, ఒక కాలు తడి నేల మీద ఉన్న మనిషికి ఈ రెండింటి మధ్య తేడా ఉంటేనే కరెంటు పారుతుంది. అన్నీ కలిపి కట్టేస్తే ఆ తేడా పోతుంది.

హోటళ్లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్ల వద్ద వేసవిలో పిల్లలు ఈత కొట్టే కొలనులు పట్టణాల్లో పెరుగుతున్నాయి. పిల్లలను పంపే తల్లిదండ్రులు టికెట్టు ధర అడుగుతారు, లోతు అడుగుతారు. నీళ్లలో దీపం వెలుగుతుంటే అది ఎన్ని వోల్టులదని కూడా అడగవచ్చు. పెళ్లి రోజు కొలను చుట్టూ సీరియల్ బల్బుల దండలు చుట్టడం, పంపు గది తలుపు బార్లా తీసి ఉంచడం ఎంతమాత్రం పనికిరావు.

ఇక ఇంటి సంగతి. సంపు మూత పక్కనే గోడకు ప్లగ్గు బోర్డు పెట్టిన ఇళ్లు కోకొల్లలు. నీళ్లు వచ్చే వేళ తక్కువ కనుక చేతికి దగ్గరగా ఉండాలని పెట్టిస్తారు. కొలను కొలత ప్రకారం అది రెండు మీటర్ల అవతలికి జరగాలి. సంపులోకి పిల్లవాడు దిగి కడుగుతున్నప్పుడు మోటారు ప్లగ్గు పీకి ఉండాలి. స్విచ్ ఆపితే సరిపోదు, ఎందుకంటే పాత వైరింగులో స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్‌కు వేసిన ఇళ్లు తగలకపోవు. బకెట్‌లో వేసే ఇనుప చుట్ట హీటరు సంగతీ అంతే. నీళ్లు కాగాయా లేదా అని వేలు ముంచి చూసే అలవాటు మానాలి. ప్లగ్గు పీకాకే చేయి పెట్టాలి.

గుంతలో వేయవలసిన బొగ్గు

ఎర్తు లేకుండా ఆర్‌సీసీబీ పని చేయదని కొందరు, అది ఉంటే ఎర్తు అక్కరలేదని కొందరు చెబుతుంటారు. రెండూ సరికావు. ఎర్తు లేకపోయినా అది తెంపుతుంది, కానీ మనిషి ముట్టుకున్నాకనే తెంపుతుంది. మనిషికి ఒక దెబ్బ తగలనే తగులుతుంది. ఎర్తు సక్రమంగా ఉంటే కూలరు డబ్బాకు కరెంటు వచ్చిన క్షణంలోనే, ఎవరూ ముట్టుకోకముందే, పడిపోతుంది.

ఎర్తు గుంతకు ఎలక్ట్రీషియన్లు వాడే పాత పద్ధతి ఉప్పు, బొగ్గు. రెండు మూడు మీటర్ల లోతున జీఐ పైపో రాగి పలకో దించి చుట్టూ వరుసలుగా నింపుతారు. ఊరంతా బొగ్గే గదా అని రాక్షసి బొగ్గు వేస్తే పని జరగదు. దానిలో కరెంటు సరిగా పారదు. వేయవలసింది కట్టె బొగ్గు. ఎండాకాలంలో నేల పగిలిపోయినప్పుడు ఆ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోస్తుండాలి. కూలరుకు రోజూ పోసే నీళ్లలో గుంతకు వారానికి ఒకసారి పోయడం పెద్ద పని కాదు. అయినా ఇల్లు కట్టిన నాడు వేసిన గుంత ఎక్కడ ఉందో కూడా మరిచి, దాని మీద గచ్చు వేసినవారు ఉన్నారు. నల్లా పైపుకు ఎర్తు తీగ చుట్టే పద్ధతి మరీ చెడ్డది. పైపుల మధ్య ప్లాస్టిక్ ముక్క ఉంటే కరెంటు నేలలోకి పోదు, నల్లా దగ్గరే నిలుస్తుంది.

ఎందుకు తీసేస్తున్నారు

రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే పరికరం ఇంటింటా ఎందుకు లేదు? ఖర్చు ఒక్కటే కారణం కాదు. పెట్టించినవారే తీయించేస్తున్నారు. వాన పడగానే పడిపోతుంది, ఇస్త్రీ పెట్టె పెట్టగానే పడిపోతుంది, ఇల్లంతా చీకటి. ‘‘అన్నా, గదొక్కటి తీసి డైరెక్టు చెయ్యి, గడియకోసారి పడిపోతంది’’ అని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చెబుతారు. అతను తీసి డైరెక్టు చేస్తాడు. అడిగినవారికి తెలియదు, చేసినవాడికి తీరిక లేదు.

అది పడిపోతున్నదంటే ఇంట్లో ఎక్కడో లీకు ఉన్నట్టు. కుక్క మొరుగుతున్నదని కుక్కను చంపితే దొంగ పోడు. ఎక్కువ ఇళ్లలో ఈ లీకు నాలుగు చోట్ల దొరుకుతుంది. కూలరు పంపు, పాత ఇస్త్రీ పెట్టె, బాత్‌రూం హీటరు, వాన తగిలే ఆరుబయటి బోర్డు. ఒక్కో ప్లగ్గు పీకుతూ చూస్తే గంటలో తెలిసిపోతుంది. రెండు వాటాల న్యూట్రల్ ఒకే చోట కలిపి ఉన్నా, ఇన్వర్టరు తీగలు కలగాపులగంగా కలిపినా కూడా పడిపోతుంటుంది. వాటిని విడదీయాలి. క్వార్టర్లలో ఉండేవారు వైరింగు మీద సొంతంగా చేయి చేసుకోకుండా కంపెనీ ఎలక్ట్రికల్ సిబ్బందికి చెప్పి చేయించుకోవాలి. క్వార్టరు వెనుక సొంతంగా వేసుకున్న రేకుల షెడ్డుకు కిటికీలోంచి లాగిన తీగ ఎవరి లెక్కలోనూ ఉండదు. ఎక్కువ భయపడవలసింది దానికే.

ఒక హద్దు మాత్రం తెలిసి ఉండాలి. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషిని ఈ పరికరం కాపాడలేదు. పోయినంత తిరిగి వస్తున్నది కనుక దానికి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. విప్పిన బోర్డులో వేలు పెట్టి, నాకు ఆర్‌సీసీబీ ఉందనుకుంటే కుదరదు.

బావుల దగ్గర

మంథని, కమాన్‌పూర్, ధర్మారం వైపు పల్లెల్లో కూలరు కన్నా బావి మోటారే పెద్ద గండం. ఒకప్పుడు వ్యవసాయానికి రాత్రి పూట కరెంటు ఇచ్చేవారు. చీకట్లో తడి మడి గట్టు మీద నడిచి పోయి స్టార్టరు నొక్కబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు తెలంగాణలో ఎందరో. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనాక రాత్రి పోవలసిన అగత్యం చాలావరకు తగ్గింది. కానీ స్టార్టరు డబ్బా మాత్రం ఇంకా కర్ర గుంజకే, మూత లేకుండానే వేలాడుతున్నది. ఇనుప డబ్బాకు ఎర్తు ఉండదు. డబ్బా కింద నేల ఎప్పుడూ తడే.

స్టార్టరు ముందు ఎండిన చెక్క పలకో రబ్బరు చాపో వేసుకుంటే, డబ్బాకు ఒక ఎర్తు కడ్డీ దింపితే ప్రమాదం సగం తగ్గుతుంది. బోరు మోటారు పైకి లాగేటప్పుడు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు తీసే పని రైతు సొంతంగా చేయరాదు. లైన్‌మన్‌ను పిలవాలి. ఆలస్యం అవుతుందని ఏబీ స్విచ్ తామే లాగి ఫ్యూజు కట్టబోయి పోయినవారి కథలు ప్రతి మండలంలో ఉన్నాయి.

నీళ్లు, కరెంటు ఒక చోట ఉండరాదని ఎవరూ అనడం లేదు. ఎన్టీపీసీ రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం తేలుతూనే ఉంది. 2022 జూలై నుంచి పూర్తి స్థాయిలో పని చేస్తున్నది. 500 ఎకరాల నీటి మీద, రెండున్నర మెగావాట్ల చొప్పున 40 ముక్కలుగా పరిచారు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీళ్ల మీద తేలే వేదికల మీదే ఉన్నాయి. అంత నీటి మీద అంత కరెంటును పద్ధతిగా నడుపుతున్న ఊళ్లోనే జానెడు నీళ్ల కూలరు మనుషులను భయపెడుతున్నది.

ఈ వేసవికి ముందు

కూలరు దించిన రోజే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. పంపు తీగకు మధ్యలో అతుకులు ఉంటే పారేసి ఒకే పొడుగు తీగ వేయించాలి. పంపు పాతబడి ఉంటే కొత్తది కొనడమే మంచిది. మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు, ఆకుపచ్చ తీగ డబ్బా రేకుకు గట్టిగా బిగించి ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పడేయకుండా గోడకు కొట్టాలి. నీళ్లు పోసేముందు స్విచ్ ఆపి ప్లగ్గు పీకాలి. ఈ ఒక్క అలవాటు పడితే, మిగతా లోపాలు ఉన్నా చాలామంది బతుకుతారు. ఆర్‌సీసీబీ ఉన్నవారు దాని మీది టెస్ట్ బటన్‌ను నెలకు ఒకసారి నొక్కాలి. నొక్కగానే పడిపోవాలి. పడకపోతే అది గోడకు వేలాడే బొమ్మ.

ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోయి ఉంటే ముట్టుకోరాదు. మొదట మెయిన్ ఆపాలి. మెయిన్ అందకపోతే ఎండిన కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో తీగను పక్కకు నెట్టాలి. మనిషి మీద నీళ్లు చల్లడం, లేపి కూర్చోబెట్టడం వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతుండాలి. నేర్చుకున్నవారైతే 30 నొక్కులకు రెండు సార్లు నోటితో ఊపిరి ఇవ్వాలి. 108కు ఫోన్ చేసి, వారు వచ్చేదాకా నొక్కడం ఆపరాదు. బాయిలో ప్రథమ చికిత్స శిక్షణ పొందినవారు ప్రతి కాలనీలో ఉన్నారు. వారు ఏ క్వార్టరులో ఉంటారో వాడకట్టు వారందరికీ తెలిసి ఉండడం మంచిది. స్తంభం దగ్గర తీగ తెగి పడినా, సర్వీసు వైరు వేలాడుతున్నా విద్యుత్ సంస్థ ఫిర్యాదు నంబరు 1912.